కారణం రాయని సంజాయిషీ

సదయ్య అత్త రెండేళ్లలో మూడోసారి చచ్చిపోతుండగా కంప్యూటర్ ఆగిపోయింది.

"మా అత్తగారు ఆకస్మికంగా మరణించినందున" దాకా వచ్చి తెర బిగుసుకుపోయింది. సంధ్యారాణి స్విచ్ ఆపి మళ్లీ వేసింది. డబ్బా లోపలినుంచి కూ, కూ, కూ అని మూడు కూతలు వచ్చాయి గాని తెర మీద వెలుగు రాలేదు. డబ్బా నెత్తిన అరచేత్తో ఒక్కటిచ్చింది. ఊఁహూఁ.

"పోయినసారి కామెర్లు రాసినం. అంతకుముందు రెండుసార్లు అత్తనే. దానికి కూడ యాష్టకొచ్చినట్టుంది సదయ్య కాకా" అంది.

"మరి నువ్వే మంచిది ఏదన్న చూసి రాయి బిడ్డా."

"అసలు సంగతేంది?"

సదయ్య గుమ్మంలోంచి బయటికి చూశాడు. "అసలు సంగతి రాస్తే కొలువుంటదా?" అన్నాడు నవ్వుతూనే.

బాయికి, అంటే బొగ్గు గనికి, చెప్పకుండా నాగాలు పెట్టినవాడికి కంపెనీ ఛార్జిషీటు చేతిలో పెడుతుంది. దానికి సంజాయిషీ రాసివ్వాలి. గోదావరిఖనిలో ఆ సంజాయిషీలు టైపు చేసిపెట్టే దుకాణాలు ఇంకొన్ని ఉన్నా, సంధ్యారాణి కొట్టినదైతే ఆఫీసరు కాదనడని కార్మికులకు నమ్మకం. ఇంటి ముందుగదినే దుకాణం చేసుకుంది. కంప్యూటర్‌లో 'సంజాయిషీ' అని ఒక ఫైలు ఉంటుంది. పేరు మార్చాలి, బిళ్ల నంబరు మార్చాలి, తేదీలు మార్చాలి, కారణం మార్చాలి. మిగతాదంతా అందరికీ ఒకటే: పై నేరాన్ని ఒప్పుకుంటున్నాను, ఇకముందు ఇట్లా జరగదు, దయతలచి మన్నించగలరు. ఎనిమిదేళ్లలో ఆ డబ్బా ఎందరి అత్తలను చంపిందో, ఎందరికి కామెర్లు తెప్పించిందో దానికే తెలియాలి.

సదయ్య కోల్‌ఫిల్లర్. చెమ్మస్ అనే పెద్ద పారతో బొగ్గు ఎత్తి టబ్బులు నింపే పని. జోడీగా పని చేసే రాజం రెండేళ్ల కిందట గని కప్పు కూలి చనిపోయాడు. ఆ తర్వాత సరైన జోడీ కుదరకే సదయ్య నాగాలు పెడుతున్నాడని బాయిలో అనుకుంటారు.

సంధ్యారాణి, సదయ్య ఆరిపోయిన తెర వైపు చూస్తూ కూర్చుని ఉండగానే ఇంటి ముందు స్కూటీ ఆగింది. జ్యోతినగర్ క్వార్టర్స్‌లో ఉండే ఇంజినీరు గారి భార్య రాజకుమారి. లేడీస్ క్లబ్ వాళ్ల బతుకమ్మ పండుగకు ఆహ్వానపత్రం కావాలట, మూడు వందల కాపీలు. కుర్చీలో కూర్చోబోతూ చేతిరుమాలుతో ఒకసారి తుడిచింది. రుమాలు నల్లబడింది. బొగ్గు ఊళ్లో ఏం తుడిచినా అంతే. ఆమె రుమాలును మడిచి, నల్లటి వైపు లోపలికి పెట్టి, కూర్చోకుండా నిలబడింది.

"మ్యాటరంతా ఇందులో ఉంది" అంటూ పెన్‌డ్రైవ్ తీసింది.

"దీనికి పెన్‌డ్రైవ్ పట్టదు మేడమ్. కాయితం మీద రాసిస్తే కొడ్త. జెర సతాయిస్తాంది గని, రేపటికి బాగైతది."

రాజకుమారి పసుపుపచ్చగా మారిన డబ్బాను, వెనక్కి ఇంత పొట్ట పెంచుకున్న మానిటర్‌ను చూసింది. "అయ్యో, ఇంకా దీంతోనే నెట్టుకొస్తున్నారా? మా పిల్లలు ఆడుకుని పడేసింది దీనికంటే కొత్తది" అని నవ్వింది. ఆ నవ్వులో పాపం విషమేమీ లేదు. చౌరస్తాలో కొత్తగా పెట్టిన దుకాణం ఎటువైపు అని సంధ్యారాణినే అడిగి, చెప్పించుకుని మరీ వెళ్లింది.

సంధ్యారాణికి చెవులు కాలిపోయాయి. సదయ్య ఎదురుగా జరగకపోయినా బాగుండేది. ఆయన తన ఛార్జిషీటును నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. "శనివారం దాంక టైమున్నది తీ బిడ్డా" అని లేచి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం మెకానిక్ మొయినుద్దీన్ వచ్చాడు. రెండు సందుల అవతల అతని దుకాణం. సంధ్యారాణిని అక్కా అంటాడు, ఆ వరసన ఆమె భర్త కొమురెల్లిని బావా అంటాడు. పక్క రేకు విప్పేసరికి లోపల వైర్ల మీద, ఫ్యాను రెక్కల మీద వేలెడు మందాన బొగ్గు దుమ్ము నూగులా పట్టి ఉంది.

"ఇంకా నయం, గింత మాత్రం కూసింది. నేనైతే ఎప్పుడో సచ్చేటోన్ని" అన్నాడు మొయినుద్దీన్. ర్యామ్ ముక్కను ఊడదీసి వెలుతురుకు పట్టి చూశాడు. బంగారు రంగు పళ్లు నల్లగా ఉన్నాయి.

"మూడు తొవ్వలున్నయక్కా. ఒకటి, దుమ్ము సాఫ్ చేసి, గీ పళ్లను రబ్బరుతోని రాసి పెడ్త. ఫ్యాను కూడ మారుస్త. గంతే. రెండోది, డబ్బా గిదే ఉంచి లోపల బోర్డు, ప్రాసెసర్ కొత్తయి ఎక్కించుడు. పెన్‌డ్రైవ్ తీసుకుంటది. మూడోది, మొత్తానికే కొత్తది కొనుడు. నన్నడిగితే మొదటిదే మంచిది. నువ్వు చేసేది టైపింగ్. ఇంకో మూడేండ్లు మంచిగ గుంజుతది."

"మూడోదే చేద్దాం తమ్మీ."

"ఎందుకక్కా, ఊకెనే?"

ఎందుకో ఆమె చెప్పలేదు. చెప్పాలంటే రుమాలు గురించి చెప్పాలి. "మీ బావ సంగతి ఎరుకే గద. నడిచేదాన్ని పారేయనియ్యడు. నువ్వే చెప్పాలె, బోర్డు పోయింది, బాగుగాదు అని."

మొయినుద్దీన్ రబ్బరు ముక్కను పెట్టెలో పడేశాడు. "జూటా మాట నాతోని కాదక్కా. నా దుకాణంల ఏమున్నది? నాలుగు స్క్రూడ్రైవర్లు, నోటి మాట. మొయినుద్దీన్ పోయిందంటే పోయింది, ఉన్నదంటే ఉన్నది అనుకుంటరు కాబట్టే డబ్బాలు తెచ్చి ఇడిసిపెట్టి పోతరు."

"ఒక్క మాటనే గద. మీ అమ్మ పింఛన్ కాయితాలు ఎన్నిసార్లు కొట్టిచ్చిన? ఎన్నడన్న పైసలడిగిననా?"

నోరు జారాక తెలిసింది ఏమన్నదో. నాలుక కొరుక్కుంది. కొరుక్కుంటే మాత్రం, పెదవి దాటిన మాట వెనక్కి వస్తుందా? ఆ ముసలమ్మ హబీబున్నీసా నాలుగుసార్లు కాళ్లీడ్చుకుంటూ వచ్చింది, నాలుగుసార్లూ సంధ్యారాణి చాయ్ ఇచ్చి కూర్చోబెట్టింది. మనసారా చేసిన పని అది. ఇవాళ దాన్ని తక్కెట్లో పెట్టింది.

మొయినుద్దీన్ రేకు మరలు ఒక్కొక్కటే ఏరాడు. "లేదక్కా. ఎన్నడు అడుగలే" అన్నాడు చివరికి. "సరే, చెప్త. కొత్తది కూడ నేనే తెచ్చిపెడ్త. గని దాని మీద ఒక్క రూపాయి ముట్ట. ముడితే అది దొంగతనమైతది." దుమ్మును దుమ్ములాగే ఉంచి రేకు బిగించాడు.

కొమురెల్లి మొదటి షిఫ్టు దిగి నాలుగింటికి వచ్చాడు. టోపీ ఒరుసుకుని నుదుటి మీద ఎర్రటి గీత. అతను టింబర్‌మన్, గనిలో కప్పు కింద దిమ్మెలు నిలబెట్టే పని.

"ఏం బామ్మర్దీ, మా ముసల్ది ఏమంటాంది?"

"బోర్డు పోయింది బావా. ఇగ బాగు గాదు. కొత్తది కొనుడే" అన్నాడు మొయినుద్దీన్, చేతిలోని స్క్రూడ్రైవర్‌ను గుడ్డతో తుడుస్తూ. అది అప్పటికే శుభ్రంగా ఉంది.

కొమురెల్లి వంగి డబ్బా మీద వేలి గెణుపుతో కొట్టాడు, చెవి దగ్గరగా పెట్టి విన్నాడు. దిమ్మె లోపల పుచ్చిందో లేదో అట్లా కొట్టే చూస్తాడు. "చప్పుడు గట్టిగనే ఉన్నది గదరా!" అని నవ్వి, "సరే తీ. నువ్వు చెప్పినంక ఇంకేమున్నది" అన్నాడు.

లాభాల బోనస్ పైసలతో పాత బండి ఒకటి కొనుక్కోవాలని నెల రోజులుగా అనుకుంటున్నాడు. ఆ పైసలు తెచ్చి భార్య చేతిలో పెట్టాడు. "సైకిల్ తొక్కితే పొట్ట రాదు తీయే" అన్నాడు. ఆ రాత్రి అన్నంలో సంధ్యారాణికి రుచి తెలియలేదు.

బుధవారం కొత్తది వచ్చింది. పలకలా పల్చటి మానిటర్. సంధ్యారాణి దాన్ని వీధిలోకి కనబడేలా తిప్పి పెట్టింది. పోయేవాళ్లు ఆగి చూశారు, మెచ్చుకున్నారు. మెచ్చుకున్నప్పుడల్లా ఆమె చీర కొంగుతో తెర తుడిచింది. అయితే అందులో తెలుగు రాదు. తెలుగు ఫాంట్ల సీడీ రామకృష్ణాపూర్‌లో ఎవరో స్నేహితుడి దగ్గర ఉందట, శుక్రవారం తెచ్చి ఎక్కిస్తానన్నాడు మొయినుద్దీన్. అప్పటిదాకా అది చూడ్డానికే.

గురువారం పొద్దున కొమురెల్లి మూలనున్న పాత డబ్బాను తీసి సైకిల్ క్యారియర్‌కు తాడుతో కడుతున్నాడు.

"గదెక్కడికి?" సంధ్యారాణి గుమ్మంలోకి వచ్చింది.

"మా వర్క్‌షాపు ఎలక్ట్రీషన్ సదానందం ఉన్నడు గద, ఆయనకు చూపిస్త. పనికొచ్చే దిమ్మెను గనిల ఇడిసిపెట్టి వస్తమానే? గుంజుకచ్చి ఇంకో దగ్గర పెడ్తం. ఏ బల్బు వెలుగుతదో ఎవలకెరుక."

అప్పుడు చెప్పవచ్చు. తాడు ముడి వేస్తున్నంతసేపూ చెప్పవచ్చు. "పైలం, పడ్తది" అంది, అంతే.

సాయంత్రం అతను వచ్చిన తీరులోనే తెలిసిపోయింది. చెప్పులు విడవలేదు. డబ్బాను బల్ల మీద పెట్టి, పాత మానిటర్ వైరు తగిలించి, స్విచ్ వేశాడు. ఒకే ఒక్క కూత కూసి, తెర నీలంగా వెలిగింది.

"గాలి కొట్టిండు. రబ్బరుతోని రాసిండు. అయిదు నిముషాలు! లెక్కవెట్టి అయిదు నిముషాలు. బోర్డు పోయిందట బోర్డు. వాడు నన్ను నిలువునా ముంచిండే!"

"పోనీ తీ, ఏదో..." అనేలోపే అతను సందు మలుపులో ఉన్నాడు. సంధ్యారాణి తలుపు కూడా వేయకుండా వెనక ఉరికింది.

దుకాణంలో నలుగురు గిరాకీలున్నారు. మొయినుద్దీన్ ఎవరిదో డబ్బా విప్పి, మరలను అగ్గిపెట్టె మూతలో పోసుకుంటున్నాడు.

"ఏందిరా మొయిన్‌గా! రబ్బరు ముక్కతోని బాగయ్యేదానికి కొత్తది కొనిపిస్తవా? ఎంత మిగిల్చుకున్నవ్ నా మీద? బామ్మర్దీ బామ్మర్దీ అంటే నెత్తినెక్కి గొంతు కోస్తవా? కప్పు కింద పానం పెట్టి తెచ్చిన పైసలురా అవి!"

మొయినుద్దీన్ తల ఎత్తాడు. కొమురెల్లిని చూశాడు. తర్వాత అతని భుజం వెనక ఆయాసపడుతూ నిలబడిన సంధ్యారాణిని ఒక్కసారి చూశాడు. ఇప్పుడు చెప్పాలి, అనుకుంది ఆమె. నలుగురూ చూస్తున్నారు. గోడకున్న క్యాలెండర్ వైపు చూసింది. అందులో తేదీలన్నీ చదివింది. చెప్పలేదు.

"తప్పయింది బావా" అన్నాడు మొయినుద్దీన్.

"బావ గీవ అనకు!"

గిరాకీల్లో ఒకాయన ముందుకొచ్చి, విప్పి ఉన్న తన డబ్బాను అట్లాగే రెండు చేతులతో ఎత్తుకున్నాడు. "రేపు తెస్త తమ్మీ" అన్నాడు, మొహం చూడకుండా. రేకూ, అగ్గిపెట్టె మూతలోని మరలూ బల్ల మీదే ఉండిపోయాయి. వాటిని తీసుకుపొమ్మని మొయినుద్దీన్ వెనకాల పిలిచాడు. ఆయన ఆగలేదు.

తిరిగి వస్తుంటే సంధ్యారాణికి కళ్ల వెంట నీళ్లు కారిపోయాయి. కొమురెల్లి నడక తగ్గించి ఆమె పక్కకు వచ్చాడు. "నువ్వెందుకేడుస్తున్నవే పిచ్చిదానా? నువ్వేం జేస్తవ్, నమ్మినవ్" అన్నాడు. భూమి నోరు తెరిచి మింగితే బాగుండుననిపించింది ఆమెకు. ఆ ఊళ్లో భూమి అడుగంతా ఖాళీయే గాని, కావాలన్నప్పుడు మింగదు.

తెల్లవారి డ్యూటీకి పోయే ముందు కొమురెల్లి ఒక కాగితం కావాలన్నాడు.

"హాజరేసే మస్టర్ కాడ గోడకు పెడ్త. రోజుకు మూడు షిఫ్టులోల్లు చూస్తరు. ఫలానా మొయినుద్దీన్ దుకాణంల మోసం జరుగుతాంది, కార్మిక సోదరులు పైలంగ ఉండాలె అని మంచిగ కొట్టు. ఎట్ల రాయాల్నో నీకే ఎరుక. నేను తానం చేసొస్త."

కొత్తదానిలో తెలుగు రాదు. ఆ తెలుగు ఎక్కించాల్సినవాడి మీదే ఈ కాగితం. సంధ్యారాణి పాతదాని ముందు కూర్చుంది. 'మోసం' అని కొట్టింది. చెరిపేసింది. ఏం రాయాలన్నా చేతులు ఒక ఫైలు దగ్గరికే పోయే అలవాటు. 'సంజాయిషీ' తెరిచింది. పేరు దగ్గర తన పేరు పెట్టింది.

"నేను, సంధ్యారాణి, టింబర్‌మన్ కొమురెల్లి భార్యను, తెలియజేయునది ఏమనగా, మా కంప్యూటర్ బాగు కాదని మెకానిక్ మొయినుద్దీన్ చెప్పిన మాట అబద్ధం. ఆ అబద్ధం నేను చెప్పించినది. బాగు చేస్తానని అతను అన్నాడు. నేను వద్దన్నాను. అతని తల్లికి చేసిన సాయం ఎత్తిచూపి ఒప్పించాను. కొత్తదాని మీద అతను ఒక్క రూపాయి తీసుకోలేదు. నిన్న అతన్ని నలుగురిలో తిడుతుంటే నేను అక్కడే ఉండి నోరు తెరవలేదు. పై నేరాన్ని ఒప్పుకుంటున్నాను."

ఆ కింద కారణం రాయాలి. ఫైలులో ఇంకా ఎవరివో పాత కామెర్లే ఉన్నాయి. కామెర్లు చెరిపి, 'దుకాణానికి గిరాకీ తగ్గుతున్నందున' అని కొట్టింది. అదీ చెరిపేసింది. 'ఒకరు నన్ను చిన్నచూపు చూసినందున' అని కొట్టింది. చదివితే అది కూడా సదయ్య అత్తలాగే ఉంది. చెరిపేసింది. ఆ వరుస మొత్తం తీసేసింది. దాని కిందున్న 'దయతలచి మన్నించగలరు' కూడా తీసేసింది. ప్రింటర్ కర్రుకర్రుమంటూ కాగితాన్ని బయటికి తోసింది.

కొమురెల్లి తువ్వాలతో తల తుడుచుకుంటూ వచ్చి నిలబడే చదివాడు. పెదవులు కదిలిస్తూ చదువుతాడు. సగంలో పెదవులు ఆగిపోయాయి. మళ్లీ మొదటినుంచి చదివాడు. జుట్టులోంచి రెండు నీటిచుక్కలు కాగితం మీద పడ్డాయి.

"నిన్న నువ్వు ఆడనే ఉన్నవ్ గదనే."

"ఉన్న."

"మరి నోట్ల నాలిక లేదా?"

"లేకుండె."

అతను చెయ్యెత్తుతాడేమో అనుకుంది. ఎత్తినా బాగుండుననుకుంది. అతను గడప మీద కూలబడ్డాడు. "బామ్మర్దీ అన్న నోటితోనే వాన్ని ఎన్నెన్ని మాటలన్న" అన్నాడు. కాగితం వైపు చూసి, "ఇది గోడకు పెడ్తే నీ దుకాణం మెట్లు ఎవలెక్కుతరు?" అని అడిగాడు.

"ఎవలెక్కకున్న సరే. పెట్టు."

చాయ్ తాగలేదు. కాగితాన్ని మడిచి, గమ్ము సీసా జేబులో వేసుకుని సైకిలెక్కాడు.

పదింటికి సంధ్యారాణి ఇంకో కాపీ తీసుకుని మొయినుద్దీన్ దుకాణానికి వెళ్లింది. గిరాకీలు ఎవరూ లేరు. బల్ల మీద రేకు, అగ్గిపెట్టె మూతలో మరలు నిన్నటిలాగే ఉన్నాయి. అతను కాగితం చదివాడు, మడిచి తిరిగి ఇచ్చాడు.

"పొద్దున బావ మా ఇంటి ముందర నిలబడ్డడు. సైకిల్ పట్టుకొని. లోపలికి రమ్మంటే రాలే. ఏమనలే. డ్యూటీ టైమైతాందని పోయిండు."

"తమ్మీ, నేను..."

"ఉండనీ అక్కా." సొరుగులోంచి సీడీ తీసి బల్ల మీద పెట్టాడు. "ఫాంట్లు ఇందుల ఉన్నయి. ఎట్ల ఎక్కించాల్నో చిట్టీ మీద రాసిన, నువ్వే ఎక్కించుకో. నేనైతే ఇంటికి రాను. అమ్మ అడిగింది, నిన్న లొల్లి ఏందని. ఏం చెప్పాల్నో సమజ్ కాలే."

సీడీ తీసుకుంది. అతను స్క్రూడ్రైవర్ అందుకుని, విప్పడానికేమీ లేక, మళ్లీ కింద పెట్టాడు.

నాలుగు గంటలకు మొదటి షిఫ్టు వాళ్లు రోడ్డు మీద కనబడ్డారు. రోజూ ఆ వేళకు ఇద్దరో ముగ్గురో కాగితాలు పట్టుకుని వచ్చేవారు. ఇవాళ గుమ్మంలోకి చూసి, మాట తగ్గించి, వెళ్లిపోతున్నారు. కొత్త మానిటర్‌ను ఆమె గోడ వైపు తిప్పేసింది. లేచి తలుపు దగ్గరికి వేద్దామనుకుంటుండగా సదయ్య వచ్చాడు.

"చదివిన" అన్నాడు. "మస్టర్ కాడ. రెండుసార్లు చదివిన."

కుర్చీలో కూర్చుని ఛార్జిషీటు మడతలు విప్పాడు. "రేపే ఆఖరు దినం."

సంధ్యారాణి తలెత్తలేదు. పాతదాన్ని తెరిచి, పేరు, బిళ్ల నంబరు, తేదీలు మార్చింది. "అత్తనా కాకా, కామెర్లా?"

"రెండూ వద్దు బిడ్డా. నువ్వు గంత రాసినంక నేను మల్ల అత్తను సంపాల్నా?" సదయ్య అరచేతులను మోకాళ్ల మీద రాసుకున్నాడు. గోళ్లలో బొగ్గు లేదు. చాలా రోజులుగా దిగనేలేదు. "జోడీ కుదురక అనుకుంటరు అందరు. కాదు. దిగాల్నంటే భయమైతాంది. కప్పు కిందికి పోంగనే రాజం కాళ్లే కనిపిస్తయి. బొగ్గుల నుంచి బయటికున్నయి గద, రెండు కాళ్లు. సిగ్గయి మా ఇంటిదానికి కూడ చెప్పలే."

సంధ్యారాణి అతని వైపు తిరిగింది. రెండేళ్లుగా ఈ మనిషికి తన చేతులతో ఎన్ని జబ్బులు రాసిందో. "గిది రాస్తే కొలువు..." అంది.

"నీకు మాత్రం దుకాణం లేదా?" అన్నాడు సదయ్య.

ఆమె తెర వైపు తిరిగి కూర్చుంది. "ఎట్ల రాయాలె కాకా?"

"నేను చెప్పినట్టే రాయి. భయమైతాందని."

ఆమె రాసింది. సదయ్య కుర్చీ ముందుకు జరుపుకుని, ఒక్కో అక్షరం పడుతుంటే చూస్తూ కూర్చున్నాడు.